ప్రోటీన్లను చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక్క అక్షరం మారితే గీత ఎక్కడ ఆగుతుంది?

కిందటి పాఠంలో 20 అమైనో ఆమ్లాల పేర్లూ, వాటిని సూచించే ఇంగ్లీషు అక్షరాలూ చూశాం. అన్నీ ఇంకా నోటికి రాకపోతే కంగారు పడొద్దు. ఈ పాఠానికి నాలుగు చాలు. డి అంటే ఆస్పార్టిక్ ఆమ్లం, ఇ అంటే గ్లుటామిక్ ఆమ్లం. ఈ రెండింటి మీదా నెగటివ్ ఛార్జ్ ఉంటుంది. కె అంటే లైసిన్, ఆర్ అంటే ఆర్జినిన్. ఈ రెండింటి మీదా పాజిటివ్. ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి, పాఠమంతా దానితోనే పని.

పాఠం పూర్తయ్యేసరికి మీకు రావాల్సిన విద్య ఇది. ఒక ప్రోటీన్ గొలుసు చేతికిచ్చి, "ఇందులో ఫలానా అక్షరం పోయి ఫలానాది వచ్చింది" అంటే, ట్రిప్సిన్ అనే ఎంజైమ్ దాన్ని ఎక్కడెక్కడ కోస్తుందో, ఎలక్ట్రోఫోరెసిస్ (ప్రోటీన్లని కరెంటుతో పరిగెత్తించి విడదీసే పద్ధతి) పట్టీ మీద దాని గీత ముందుంటుందో వెనకబడుతుందో పెన్సిలుతో లెక్కకట్టి చెప్పాలి. కంప్యూటర్ అక్కర్లేదు.

ఉదాహరణకు హిమోగ్లోబిన్‌నే తీసుకున్నాను, మన ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకునే. సీతంపేట, కురుపాం, భద్రగిరి 2022 దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండేవి, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా పేరు మారినా అక్కడి సవర, జాతాపు పిల్లలు చదువుకీ వైద్యానికీ శ్రీకాకుళం, విజయనగరం వస్తూనే ఉన్నారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ (హిమోగ్లోబిన్ మార్పు వల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) కార్యక్రమం, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ పాఠాలు చదివేవాళ్లలో ఆ పరీక్షలు చేయబోయే డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) విద్యార్థులు చాలామంది ఉన్నారు. సీతంపేట వైపు నుంచి వచ్చి శ్రీకాకుళంలో చదువుకుంటున్న ఒకమ్మాయి అడిగింది: "మాస్టారూ, మా చెల్లికి రెండు గీతలొచ్చాయట. రిపోర్టులో ట్రెయిట్ అని రాశారు. ఒకే మనిషిలో రెండు రకాల రక్తం ఉంటుందా?"

ఈ ప్రశ్నకి జవాబు అక్షరాలు లెక్కపెడితేనే దొరుకుతుంది. మొదలుపెడదాం.

గొలుసు రాసుకోండి

పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు. 141 అమైనో ఆమ్లాల ఆల్ఫా గొలుసులు రెండు, 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసులు రెండు. బీటా గొలుసులో మొదటి 30 అక్షరాలు ఇవి. నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాలతో, గడికి ఒకటి చొప్పున రాసి, కింద 1 నుంచి 30 దాకా నంబర్లు వేయండి.

వి – హెచ్ – ఎల్ – టి – పి – ఇ – ఇ – కె
ఎస్ – ఏ – వి – టి – ఏ – ఎల్ – డబ్ల్యు – జి – కె
వి – ఎన్ – వి – డి – ఇ – వి – జి – జి – ఇ – ఏ – ఎల్ – జి – ఆర్

నంబర్లు వేయడం విసుగనిపిస్తుంది, కానీ మానొద్దు. ఇకమీదట చెప్పే ప్రతి లెక్కా ఆ నంబర్ల మీదే నిలబడుతుంది. ఇంకో మాట. యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌లో పి68871 అనే నంబరు కింద ఇదే గొలుసు చూస్తే 147 అక్షరాలు కనిపిస్తాయి, మొదట్లో ఎం అనే మెథియోనిన్ అదనంగా ఉంటుంది. కణంలో గొలుసు తయారీ దానితోనే మొదలవుతుంది, తర్వాత అది తెగిపోతుంది. అందుకే కొన్ని పుస్తకాల్లో "6వ స్థానం" అన్నది జన్యు రిపోర్టుల్లో "7వ స్థానం" అని ఉంటుంది. రెండూ ఒకటే చోటు. ఈ పాఠంలో మనం ఎం లేకుండానే లెక్కపెడుతున్నాం.

6వ గడి చూడండి. ఇ, అంటే గ్లుటామిక్ ఆమ్లం. సికిల్‌సెల్ హిమోగ్లోబిన్‌లో అక్కడ వి, అంటే వాలీన్ ఉంటుంది. జన్యువులో జీఏజీ అనే మూడక్షరాల మాట జీటీజీ కావడం వల్ల వచ్చిన మార్పు ఇది. మిగతా 145 అక్షరాల్లో ఏ మార్పూ లేదు.

కత్తిరింపు

పై గొలుసుని ఊరికే మూడు వరుసలుగా విరవలేదు. మన క్లోమం నుంచి పేగులోకి వచ్చే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కె తర్వాతా, ఆర్ తర్వాతా గొలుసుని కోస్తుంది. ఆ వెంటనే పి, అంటే ప్రోలీన్ ఉంటే మాత్రం అక్కడ కోయదు. ఈ ఒక్క నియమంతో గొలుసు మీద పెన్సిలుతో నిలువు గీతలు పెట్టండి. 8 తర్వాత ఒకటి, 17 తర్వాత ఒకటి, 30 తర్వాత ఒకటి రావాలి. ముక్కల పొడవులు వరసగా 8, 9, 13. మీకు వేరే అంకెలు వస్తే ఎక్కడో గడి తప్పింది, మళ్లీ రాయండి.

చిన్న నియమమే గానీ వైద్య చరిత్రలో పెద్ద పని చేసింది. 1949లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం సికిల్‌సెల్ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలు దానికంటే తేడాగా కదులుతోందని చూపించింది. ఒక జబ్బుకి మూలం ఒక అణువులో ఉందని మొదటిసారి రుజువైంది అప్పుడే. కానీ తేడా ఆ అణువులో ఏ మూల ఉందో వాళ్లకి దొరకలేదు. దొరకబుచ్చుకున్నది కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్. 1956లో ఆయన రెండు రకాల హిమోగ్లోబిన్‌నీ ట్రిప్సిన్‌తో ముక్కలు చేశాడు. ఆ ముక్కల్ని కాగితం మీద ఒక దిక్కున విద్యుత్తుతో, అడ్డంగా ఇంకో దిక్కున ద్రావకంతో పరిగెత్తించి, నిన్‌హైడ్రిన్ రంగు పట్టించాడు. కాగితమంతా చుక్కలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఒక్క చుక్క మాత్రమే చోటు మారింది. 1957లో ఆ చుక్కని విప్పి చూస్తే గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్. మీరు ఇప్పుడు మొదటి వరుసలో రాసిన ఎనిమిదక్షరాల ముక్కే ఆ చుక్క.

మొత్తం గొలుసు ఒకేసారి చదవలేకపోతే ముక్కలు చేసి పోల్చు అనే పద్ధతి ఇవాళ్టికీ నడుస్తోంది. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ పెట్టే ల్యాబుల్లో కూడా ముందు ప్రోటీన్లో కలిపేది ఎక్కువగా ట్రిప్సినే.

ఛార్జ్ లెక్క

ఇప్పుడు అసలు విద్యకి వద్దాం. ల్యాబులో హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ మామూలుగా పీహెచ్ 8.6 దగ్గర చేస్తారు. అక్కడ డి, ఇ ఒక్కోటి మైనస్ 1. కె, ఆర్ ఒక్కోటి ప్లస్ 1. హిస్టిడిన్, అంటే హెచ్, ఆ పీహెచ్‌లో దాదాపు ఛార్జ్ లేకుండా ఉంటుంది కాబట్టి సున్నా వేసుకోండి.

మొదటి ముక్కలో ఇ రెండు, కె ఒకటి. మొత్తం మైనస్ 1. ఇందులో 6వ ఇ తీసి వి పెడితే మైనస్ ఒకటి, ప్లస్ ఒకటి, మొత్తం సున్నా. ముక్కకి రెండు కొసల్లో కూడా ఛార్జ్ ఉంటుంది కదా అని ఎవరికైనా అనుమానం రావొచ్చు, రావాలి కూడా. ఉంటుంది, కానీ మామూలు ముక్కకీ మారిన ముక్కకీ అది ఒకేలా ఉంటుంది కాబట్టి తేడాలోంచి కొట్టుకుపోతుంది. మనకి కావాల్సింది తేడానే.

గొలుసుకి ఒక మైనస్ తగ్గింది. బీటా గొలుసులు రెండు కాబట్టి మొత్తం అణువుకి రెండు మైనస్‌లు తగ్గాయి. పీహెచ్ 8.6 దగ్గర హిమోగ్లోబిన్ మొత్తమ్మీద నెగటివ్‌గా ఉంటుంది, పాజిటివ్ కొస వైపు పరుగెడుతుంది. మైనస్‌లు తగ్గినదానికి లాగుడు తగ్గుతుంది, వెనకబడుతుంది. కనుక మామూలు హిమోగ్లోబిన్ ఏ ముందు, సికిల్ హిమోగ్లోబిన్ ఎస్ వెనక.

పట్టీ దగ్గరికి వచ్చి చూడండి. సెల్యులోజ్ అసిటేట్ పట్టీని బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రవంలో) తడిపి, ఎర్రకణాలు పగలగొట్టి తీసిన ద్రవాన్ని నెగటివ్ కొస దగ్గర సన్నటి అడ్డగీతలా పెట్టి కరెంటు ఇస్తారు. హిమోగ్లోబిన్‌కి సొంత రంగు ఉంది కాబట్టి పోన్సో రంగు వేయకముందే ఎర్రటి గీత కదలడం కంటికి కనిపిస్తుంది. కాసేపటికి ఆ ఒక్క గీత రెండుగా విడిపోతుంటే చూడటం, చేతిలో ఆ అక్షరాల లెక్క ఉన్నవాడికి గొప్ప అనుభవం. ఆ రెండు గీతల మధ్య ఖాళీ అంతా రెండే రెండు ఛార్జ్‌ల పని.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. రక్తం రెండు రకాలు కాదమ్మా. బీటా గొలుసు జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. మీ చెల్లికి ఒక జన్యువులో ఇ ఉంది, ఇంకోదాన్లో వి ఉంది. రెండూ పనిచేస్తాయి కాబట్టి ఆమె ఒక్కొక్క ఎర్రకణంలోనూ రెండు రకాల బీటా గొలుసులూ ఉంటాయి. అందుకే రెండు గీతలు. ట్రెయిట్ అంటే మోసేవాళ్లు, రోగులు కాదు. రెండు జన్యువుల్లోనూ వి ఉన్నవాళ్లకి హిమోగ్లోబిన్ ఏ గీత అసలే ఉండదు, ఎస్ గీతే ఉంటుంది. పెళ్లి చేసుకునే ఇద్దరూ ట్రెయిట్ అయితే పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది మీ చెల్లికి ఇప్పుడే చెప్పండి, సంబంధం కుదిరాక చెప్పేది కాదు.

ట్రెయిట్ పట్టీలో హిమోగ్లోబిన్ ఏ గీత మందంగా, ఎస్ గీత పలచగా ఉండటం చాలామంది చూసి కూడా పట్టించుకోరు. ఎస్ సాధారణంగా 40 శాతం లోపే ఉంటుంది. జన్యువులు సమానమైనప్పుడు గీతలు సమానంగా ఎందుకు లేవు? దీనికీ ఛార్జే కారణం. ఆల్ఫా గొలుసు మీద పాజిటివ్ ఛార్జ్‌దే పైచేయి. మైనస్ ఎక్కువున్న మామూలు బీటాతో త్వరగా జతకడుతుంది, మైనస్ తగ్గిన ఎస్ బీటాతో నిదానంగా. ఆల్ఫా కోసం పోటీలో ఎస్ వెనకబడుతుంది. పట్టీ మీద వెనకబడటానికీ, కణంలో వెనకబడటానికీ ఒకే అక్షరం కారణం.

ఒకే చోట ఆగినవన్నీ ఒకటి కాదు

ఈశాన్య రాష్ట్రాల్లోనూ బెంగాల్లోనూ హిమోగ్లోబిన్ ఇ అనేది కనిపిస్తుంది. అందులో 26వ అక్షరం ఇ పోయి కె వచ్చింది. మైనస్ పోవడమే కాక ప్లస్ వచ్చి చేరింది, గొలుసుకి తేడా 2, అణువుకి 4. కాబట్టి ఎస్ కంటే ఇంకా వెనక. ట్రిప్సిన్‌కి కూడా కొత్త కె దొరికింది. మూడో ముక్క 13 అక్షరాలది కాస్తా 26 తర్వాత తెగి 9, 4గా విడిపోతుంది. మీ గడుల మీద చూసుకోండి.

ఇప్పుడు హిమోగ్లోబిన్ డి–పంజాబ్. 121వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి ఛార్జ్ లేని గ్లుటమిన్ వచ్చింది. తేడా గొలుసుకి 1, అణువుకి 2. అచ్చం ఎస్‌లాగే. పీహెచ్ 8.6 పట్టీ మీద ఈ రెండూ ఒకే చోట ఆగుతాయి! మన లెక్క తప్పలేదు. మనం లెక్కపెట్టింది ఛార్జ్‌ని. ఏ స్థానంలో మార్పు జరిగిందో ఛార్జ్‌కి పట్టదు. అందుకే ఎస్ చోట గీత కనిపించగానే సికిల్ అని రాసేయకూడదు. సాల్యుబిలిటీ పరీక్ష చేయాలి, లేదా హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాల్ని యంత్రంలో విడదీసే ఇంకో పరీక్ష) చూడాలి. సాల్యుబిలిటీ పరీక్షలో డైథయోనైట్ ఆక్సిజన్‌ని లాగేస్తే ఎస్ కరగకుండా తెల్లగా మసకబారి, ట్యూబు వెనక పెట్టిన కాగితం మీది గీతలు కనిపించవు. డి అలా చేయదు.

ఎస్ ఒక్కటే ఎందుకలా గడ్డకడుతుంది? వాలీన్ నూనె స్వభావం ఉన్నది, నీళ్లంటే పడదు. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఆకారం కొంచెం మారి, పక్క అణువు బీటా గొలుసు మీద 85వ ఫినైల్ అలనీన్, 88వ లూసీన్ మధ్య ఒక చిన్న గుంట బయటపడుతుంది. 6వ వాలీన్ ఆ గుంటలో కాజాలో బొత్తాం పడ్డట్టు పడుతుంది. అణువుకి అణువు తగులుకుని 14 పోగుల తాడవుతుంది, కణం కొడవలిలా వంగుతుంది. 121వ గ్లుటమిన్‌కి ఆ గుంటలో పడే స్వభావం లేదు. ఆకారం సంగతి వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం. 1963లో మద్రాసులో జి.ఎన్.రామచంద్రన్, సహచరులు గీసిన పటం (ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో చూపేది) అక్కడ చాలా అవసరమవుతుంది.

ల్యాబులో పనిచేసేవాళ్లకి రెండు జాగ్రత్తలు. సాల్యుబిలిటీ పరీక్ష ట్రెయిట్‌కీ జబ్బుకీ కూడా పాజిటివ్ వస్తుంది, రెండింటినీ విడదీయలేదు. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో పిండదశ హిమోగ్లోబిన్ ఎఫ్ ఎక్కువ, ఎస్ తక్కువ కాబట్టి వాళ్లలో ఆ పరీక్షని నమ్మొద్దు. రెండోది ఇంకా ముఖ్యం. శాంపిల్ తీసేముందు "ఈ మూడు నాలుగు నెలల్లో రక్తం ఎక్కించారా?" అని తప్పనిసరిగా అడగండి. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. జబ్బున్న బిడ్డకి వేరేవాళ్ల రక్తం ఎక్కించి ఉంటే పట్టీ మీద హిమోగ్లోబిన్ ఏ గీత కూడా కనిపిస్తుంది, రిపోర్టు ట్రెయిట్ అని వెళ్లిపోతుంది. ఆ బిడ్డ అందాల్సిన వైద్యానికి దూరమవుతుంది.

అభ్యాసం

హిమోగ్లోబిన్ సి లో 6వ ఇ స్థానంలో కె ఉంటుంది. మొదటి ఎనిమిదక్షరాలనీ ట్రిప్సిన్ ఎన్ని ముక్కలు చేస్తుంది, ఒక్కో ముక్కలో ఏయే అక్షరాలుంటాయి? పీహెచ్ 8.6 పట్టీ మీద దాని గీత ఎస్‌కి ముందా వెనకా? హిమోగ్లోబిన్ ఇ తో కలిసిపోతుందా, విడిగా ఉంటుందా?

ఇంకొకటి. హిమోగ్లోబిన్ జె–బాల్టిమోర్‌లో 16వ జి పోయి డి వచ్చింది. ఇప్పటిదాకా మనం చూసినవన్నీ హిమోగ్లోబిన్ ఏ కంటే వెనకబడ్డాయి. ఇది ఎటు పోతుంది, ఎన్ని ఛార్జ్‌ల తేడాతో?

జవాబు ఒక్కటే రాస్తే సరిపోదు. గడుల గొలుసు, ప్లస్ మైనస్‌ల లెక్క, ఏ, ఎస్, ఇ, సి, జె గీతలన్నీ వరసగా పెట్టిన పట్టీ బొమ్మ, మూడూ ఒకే పేజీలో వేయండి. 5వ పాఠం మొదట్లో నా పేజీ ఇస్తాను, మీదాంతో పోల్చుకోండి.