ఏసీ, డీసీ కరెంటు ఎక్కడ దొరుకుతుంది, ఎలా చూసి వాడాలి

చిన్న సర్క్యూట్ ఏదైనా చేద్దామన్నా, డబ్బాలో పడున్న పాత అడాప్టర్ రౌటర్‌కి పెడదామన్నా ముందు తేల్చుకోవాల్సింది వచ్చే కరెంటు ఏసీనా (దిశ మారుతూ ఉండేది) డీసీనా (ఒకే దిశలో పారేది), ఎన్ని వోల్టులు అని. పిన్ను పట్టింది కదా అని గుచ్చేస్తే వస్తువు కాలిపోవచ్చు.

గోడ ప్లగ్గులో వచ్చేది ఏసీ, మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దీంట్లో ప్లస్ మైనస్ ఉండవు, ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ ఉంటాయి. జనరేటర్ నుంచి, ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి వచ్చేది కూడా ఏసీనే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు 230 మీద నేరుగా ప్రయోగాలు చెయ్యొద్దు, ఏసీయే కావాలంటే ఎలక్ట్రానిక్స్ షాపులో 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (230ని తగ్గించి, మధ్య వైరుకి అటూ ఇటూ 12 వోల్టులిచ్చేది) అడిగి తెచ్చుకోండి. దాని సెకండరీ వైపు, అంటే తగ్గిన వోల్టులు బయటికొచ్చే వైపు పని చేసుకోవచ్చు, కానీ ప్రైమరీ వైపు, అంటే ప్లగ్గుకి కలిపే వైపు 230 అలాగే ఉంటుంది కాబట్టి ఆ వైపు ఫ్యూజ్ పెట్టి, జాయింట్లకి టేప్ బాగా చుట్టాకే ప్లగ్ పెట్టండి.

డీసీకి అన్నిటికంటే సులువైంది బ్యాటరీ. రిమోట్‌లో వేసే సెల్ 1.5 వోల్టులు, రెండు వరసగా పెడితే 3. రీఛార్జ్ అయ్యే నికెల్ సెల్ 1.2 మాత్రమే, అందుకే కొన్ని బొమ్మలు వాటితో నీరసంగా తిరుగుతాయి. లిథియం సెల్ 3.7. బైకు, కారు బ్యాటరీ 12 అంటాం గానీ లోపల 2 వోల్టుల సెల్స్ ఆరు ఉంటాయి, ఫుల్ ఛార్జ్‌లో మీటరు పెడితే 12.6 దాకా చూపిస్తుంది. 12 వోల్టులు షాక్ కొట్టవులే అని దీన్ని తేలిగ్గా తీసుకోకండి, స్పానర్ జారి రెండు టెర్మినల్స్‌కి తగిలిందంటే నిప్పులు లేస్తాయి, వైరు కరుగుతుంది, చేతికి ఉంగరం ఉంటే ముందు తీసెయ్యండి. సోలార్ ప్యానెల్‌ది కూడా డీసీనే, కాకపోతే 12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేది ఎండలో లోడ్ లేకుండా, అంటే దానికి ఏ వస్తువూ కలపకుండా కొలిస్తే 20 పైనే చూపిస్తుంది, కాబట్టి ప్యానెల్‌కి, బ్యాటరీకి మధ్యలో ఛార్జింగ్‌ని అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ ఉండాల్సిందే.

ఇక అడాప్టర్. వెనక స్టిక్కర్ మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు లైన్లు ఉంటాయి, చాలామంది ఇన్‌పుట్ చూసి ఆగిపోతారు, మనకి కావాల్సింది అవుట్‌పుట్. అక్కడ వోల్టుల పక్కన అల లాంటి గీత ఉంటే ఏసీ, నిలువుగా కాదు అడ్డంగా ఒక గీత, దాని కింద చుక్కల గీత ఉంటే డీసీ. అడాప్టర్ అంటే డీసీనే అనుకోకండి, పాత బరువైనవాటిలో కొన్ని ఏసీనే బయటికిస్తాయి. వోల్టులు వస్తువు మీద రాసినంతే ఉండాలి, ఆంప్స్ మాత్రం ఎక్కువున్నా ఫర్లేదు, ఒక ఆంప్ అడిగే రౌటర్‌కి రెండు ఆంప్స్‌ది పెట్టినా అది తనకి కావాల్సినంతే లాక్కుంటుంది, తక్కువైతేనే అడాప్టర్ వేడెక్కడం, రౌటర్ ఆగి ఆగి ఆన్ అవడం లాంటివి మొదలవుతాయి.

స్టిక్కర్ చెరిగిపోతే వోల్టులు, ఆంప్స్ కొలిచే మల్టీమీటరే దిక్కు. ఎర్ర వైరు వోల్టుల సాకెట్‌లోనే ఉందా చూడండి, ఆంప్స్ సాకెట్‌లో ఉంచి కొలిస్తే షార్ట్ అవుతుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, మీటరు డీసీ వోల్టుల మీద ఉంచి ప్లగ్గులో పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది, కరెంటు లేదనుకుని చెయ్యి పెడితే అంతే సంగతులు. అందుకే తెలియని చోట ముందు ఏసీలో, పెద్ద రేంజ్‌లో పెట్టి చూడండి, తర్వాతే డీసీకి మార్చండి. అడాప్టర్ పిన్ను లోపల ఎర్ర వైరు, బయట నల్ల వైరు ఆనిస్తే మైనస్ గుర్తుతో అంకె వస్తే మధ్యలోది నెగెటివ్ అన్నమాట, చాలా రౌటర్లకి మధ్యలో పాజిటివ్ కావాలి, అలాంటిది పెట్టొద్దు.