గిటార్ పెడల్‌లో ఏ చోట ఏ కెపాసిటర్?

ముందు చూడాల్సింది ఆ కెపాసిటర్ చేసే పని. దాని గుండా సిగ్నల్ పోతోందా, లేక సప్లైలో హమ్‌ను అణచడానికే ఉందా? ట్యూబ్ స్క్రీమర్ అనే పేరున్న పెడల్ తరహా ఓవర్‌డ్రైవ్‌లో (గిటార్ మోతను గరుకుగా మార్చే పెడల్‌లో) ఈ రెండూ కనిపిస్తాయి.

దాని ఓపాంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్‌లో, అంటే అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తిరిగొచ్చే దారిలో, డయోడ్ల పక్కన 51 పికోఫారడ్‌ది ఒకటుంటుంది. డ్రైవ్ పూర్తిగా తిప్పినప్పుడు సుమారు 5.7 కిలోహెర్ట్జ్ పైన కీచుదనాన్ని తగ్గించేది అదే. ఇక్కడ సిరామిక్ వాడండి, కానీ విలువ దాదాపు మారని సి0జి లేదా ఎన్‌పి0 రకమే. 51 దొరక్కపోతే 47 వేసినా ఫరవాలేదు.

4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో వరుసలో ఉండే 47 నానోఫారడ్ ఈ పెడల్‌కు ప్రాణం. 720 హెర్ట్జ్ కింద గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గేది దీనివల్లే. 100 నానో పెడితే ఆ హద్దు 340 దగ్గరికి దిగి, కింది బేస్ స్వరాలు కూడా డిస్టార్ట్ అయి మోత ముద్దగా వస్తుంది. 5 శాతం టాలరెన్స్ ఉన్న, కాళ్ల మధ్య 5 మిల్లీమీటర్ల పాలిస్టర్ బాక్స్ ఫిల్మ్ చాలు. టోన్ మార్చేది విలువ, బ్రాండు కాదు. ఖరీదైన లావుపాటి ఫిల్మ్ కెపాసిటర్లు కొంటే డబ్బా మూత పట్టదు, అంతే.

ఈ 47 నానో చోట ఎక్స్7ఆర్ రకం సిరామిక్ వద్దు. వోల్టేజీని బట్టి దాని విలువ మారుతుంది. పైగా అదురుకు తనే కాస్త వోల్టేజీ పుట్టిస్తుంది కాబట్టి, గెయిన్ ఎక్కువున్న పెడల్‌లో స్విచ్ తొక్కితే ఆ దెబ్బ ఆంప్‌లో వినిపించవచ్చు. అదే ఎక్స్7ఆర్ 100 నానోది ఓపాంప్ సప్లై కాళ్లకు ఆనించి పెట్టడానికి భేషుగ్గా పనికొస్తుంది.

సప్లైకి 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కావాలి. 9 వోల్టులకు 25 వోల్టులది, 18కి నడిపేట్టయితే 35ది తీసుకోండి. దాని మీది చార మైనస్ వైపు ఉంటుంది. టాంటలమ్ మీది గుర్తు మాత్రం ప్లస్‌ది! తిరగేసి పెడితే ఎలక్ట్రోలిటిక్ ఉబ్బుతుంది, టాంటలమ్ షార్టయి కాలిపోవచ్చు. ట్యూబ్ స్క్రీమర్ పాత మోడల్ టీఎస్808 టోన్ భాగంలో 0.22 మైక్రోఫారడ్ టాంటలమ్‌లు రెండుండేవి. వాటి బదులు ఫిల్మ్ వేస్తే ఈ బెడద ఉండదు.

జెర్మేనియం పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లతో చేసిన ఫజ్ పెడల్‌లో గ్రౌండే ప్లస్. అందుకని ఇన్‌పుట్ దగ్గరి 2.2 మైక్రోఫారడ్ ప్లస్ కాలు గిటార్ వైపు ఉండాలి. ఎన్‌పీఎన్ అయితే ట్రాన్సిస్టర్ బేస్ వైపు. ఇన్‌పుట్‌లో లీకయ్యే ఎలక్ట్రోలిటిక్ ఉంటే స్విచ్ తొక్కినప్పుడల్లా టప్‌మంటుంది. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్ రెసిస్టర్ వేయండి. అప్పటికీ పోకపోతే ఆ కెపాసిటర్ మార్చండి.

కోడ్ చదవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. 473 అంటే 47 నానో, 104 అంటే 100 నానో. 510 అంటే 51 పికో, 510 పికోది 511. ఆ 511 ఫీడ్‌బ్యాక్‌లో పడితే గిటార్ మీద దుప్పటి కప్పినట్టుంటుంది. అనుమానమొస్తే సోల్డర్ చేయకముందే మీటర్‌తో కొలవండి. బోర్డులో ఉండగా కొలిస్తే పక్కనున్నవన్నీ కలిసి తప్పు అంకె చూపిస్తుంది.