పెంచలకోన వాగు వెంట జలపాతం దాకా

తుఫాను వానలు తగ్గాక, డిసెంబరు చివర్లోనో జనవరిలోనో వెళ్లండి. మన నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకే కదా. పెంచలకోన కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యంలోవి కాబట్టి ముందుగా అటవీశాఖ వాళ్ల అనుమతి తీసుకోండి. దారి తెలిసిన ఊరివాళ్లు ఒకరు తోడుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. రాపూరు మీదుగా పొద్దున్నే పెంచలకోన నరసింహస్వామి గుడికి చేరుకుని, స్వామి దర్శనం కాగానే బయలుదేరండి.

వాగులో బాట కన్నా బండలే ఎక్కువ. తెల్లగా, పొడిగా ఉన్న రాయి మీద ధైర్యంగా అడుగేయొచ్చు. నల్లగా నిగనిగలాడుతోందంటే పాకుడు పట్టినట్టే. అలాంటి చోట రాయి మీద కాకుండా, రెండు రాళ్ల మధ్య ఇసుకలో కాలు పెట్టండి. ముందు కర్రతో పొడిచి లోతు చూడండి. బండ నుంచి బండకు దూకొద్దు. బూట్లు తడిసినా సరే, విప్పొద్దు.

నీళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి. తేటగా పారే వాగు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా పైన వాన పడిందని అర్థం. సామాన్లు పోతే పోయాయి, వెంటనే గట్టెక్కండి. నీళ్లు తగ్గేదాకా వాగు దాటొద్దు.

జలపాతం కింద మడుగులోకి పైనుంచి దూకొద్దు, అడుగున రాళ్లుంటాయి. పులిహోర తిన్న పొట్లాల కాగితాలు సంచిలోనే వేసుకోండి. పడమటి కొండ వల్ల కోనలో పొద్దు త్వరగా వాలుతుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. దిగేటప్పుడే కాళ్లు ఎక్కువ జారతాయి.