బ్లాక్‌లిస్ట్ నుంచి బయటపడాలంటే ముందు పోస్ట్‌మాస్టర్ పెట్టె సరిచేయండి

మీ సర్వర్ పంపిన మెయిళ్లు 550, 554 అనే తిరస్కరణ కోడ్‌లతో తిరిగొస్తుంటే, ముందు ఆ తిరిగొచ్చిన మెయిల్‌ను చివరిదాకా చదవండి. అడ్డుకున్న బ్లాక్‌లిస్ట్ (మెయిల్ తీసుకోకూడని ఐపీల జాబితా) పేరు, మీ ఐపీ చాలాసార్లు అందులోనే ఉంటాయి. అది చూడగానే పేరు తీసేయమని ఫారం నింపేయకండి. లోపల స్పామ్ పోతూనే ఉంటే మళ్లీ అదే లిస్ట్‌లో పడతారు, రెండోసారి మీ మాట నమ్మడం వాళ్లకు కష్టం.

పోస్ట్‌మాస్టర్ చిరునామా (డొమైన్ మెయిల్ నిర్వాహకుడి పెట్టె) ఉన్నంత మాత్రాన ఏ లిస్టూ మిమ్మల్ని వదలదు. కానీ మీ మీద ఫిర్యాదులు వచ్చేది అక్కడికీ, అబ్యూజ్ (దుర్వినియోగ ఫిర్యాదుల) చిరునామాకీ. ఐపీల మెయిల్ తీరు చూపే మైక్రోసాఫ్ట్ సేవ ఎస్‌ఎన్‌డీఎస్‌లో మీ ఐపీ నమోదు చేసుకోవాలన్నా ధ్రువీకరణ లింకు ఇలాంటి చిరునామాలకే వస్తుంది. మెయిల్ అందుకునే ప్రతి సర్వర్‌కూ పోస్ట్‌మాస్టర్ ఉండి తీరాలని 2008 నాటి ఇంటర్నెట్ మెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతోంది. అది పనిచేయని డొమైన్ల కోసం ఒకప్పుడు ఆర్‌ఎఫ్‌సీ-ఇగ్నోరెంట్ అని ఒక లిస్టే ఉండేది, 2012లో మూతపడింది.

పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఈటీసీ కింద ఉన్న ఎలియాసెస్ (మారుపేర్ల) ఫైల్ తెరిచి, పోస్ట్‌మాస్టర్, అబ్యూజ్ రెండింటినీ రూట్‌కు (సర్వర్ అడ్మిన్ ఖాతాకు), రూట్‌ను రోజూ మెయిల్ చూసే మనిషి చిరునామాకు మళ్లించండి. చాలాచోట్ల రూట్‌ను మళ్లించే ఈ వరుస ఉండదు. మెయిళ్లు సర్వర్‌లోనే ఓ ఫైల్‌లో నెలల తరబడి పేరుకుపోతాయి. మార్చాక న్యూఎలియాసెస్ కమాండ్ నడపండి.

ఈ ఫైల్ వర్తించేది లోకల్ (సర్వర్ సొంత) డొమైన్లకే. వర్చువల్ డొమైన్లు (అదే సర్వర్ మెయిల్ తీసుకునే ఇతర డొమైన్లు) ఉంటే ఒక్కోదానికీ వర్చువల్ ఎలియాస్ ఫైల్‌లో విడిగా వరుస రాసి, పోస్ట్‌మ్యాప్ కమాండ్ నడపాలి. అన్నీ సరిచేశామనుకున్న చోట దొరికే తప్పు సాధారణంగా ఇదే.

తర్వాత ఫిల్టర్లు. ఫిర్యాదు మెయిల్‌లో మీ సర్వర్ పంపిన స్పామ్ నమూనా ఉంటుంది కాబట్టి మీ సొంత ఫిల్టరే దాన్ని తిప్పికొడుతుంది. రెసిపియెంట్ యాక్సెస్ టేబుల్‌లో ఈ రెండు పేర్లకూ 'ఓకే' ఇచ్చి, ఆ తనిఖీని ఆర్‌బీఎల్ (బ్లాక్‌లిస్ట్) తనిఖీకి ముందు, ఇతర డొమైన్లకు రిలేను ఆపే 'రిజెక్ట్ అన్‌ఆత్ డెస్టినేషన్' నియమానికి తర్వాత పెట్టండి. ఈ వరుస తారుమారైతే పాత సెట్టింగులున్న సర్వర్ల ద్వారా ఇతర డొమైన్ల పోస్ట్‌మాస్టర్లకు బయటివాళ్లు మెయిళ్లు రిలే చేయగలరు. ఆర్‌బీఎల్ తనిఖీ క్లయింట్ రిస్ట్రిక్షన్స్‌లో ఉంటే ఈ మినహాయింపు పనిచేయదు, దాన్ని రెసిపియెంట్ రిస్ట్రిక్షన్స్‌లోకి తేవాలి. స్పామ్‌అసాసిన్, ఆర్‌స్పామ్‌డీ లాంటి స్పామ్ ఫిల్టర్లు ఉంటే వాటిలోనూ విడిగా మినహాయించండి.

పరీక్ష బయటి సర్వర్ నుంచే చేయాలి. టెల్‌నెట్‌తో 25వ పోర్ట్‌కు వెళ్లి, డొమైన్ లేకుండా ఉత్త పోస్ట్‌మాస్టర్ అని ఇచ్చినా 250 (అంగీకరించినట్టు) రావాలి. 450 వస్తే గ్రేలిస్టింగ్ (కొత్తగా పంపేవాళ్లను కాసేపాగి మళ్లీ రమ్మనే పద్ధతి) అడ్డుపడుతోందేమో చూడండి.

ఒక జాగ్రత్త: మీరు జనానికి మెయిల్ ఖాతాలు ఇస్తుంటే పోస్ట్‌మాస్టర్ అనే పేరును ఎవరికీ ఇవ్వకండి. వెబ్‌సైట్లకు టీఎల్‌ఎస్ (భద్రతా) సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు డొమైన్ హక్కు నిర్ధారించుకోవడానికి వాడే ఐదు చిరునామాల్లో పోస్ట్‌మాస్టర్ ఒకటి.

ఇక స్పామ్ అసలు కారుతున్న చోటు వెతకాలి. 'పోస్ట్‌సూపర్' కమాండ్‌కు చిన్న హెచ్ అక్షరం ఇచ్చి క్యూ (పంపాల్సిన మెయిళ్ల వరుస) మొత్తాన్ని ఆపండి. లాగ్‌లో ఏ సాసిల్ యూజర్‌నేమ్ (మెయిల్ పంపడానికి లాగిన్ అయిన పేరు) వందలసార్లు కనిపిస్తోందో చూసి, ఆ పాస్‌వర్డ్ మార్చండి. ఏ యూజరూ లేకుండా వెబ్ సర్వర్ పేరు మీద పోతుంటే, సైట్‌లోని పీహెచ్‌పీ ఫారం గానీ, ఎవరో చొప్పించిన స్క్రిప్ట్ గానీ కారణం. లేని చిరునామాలకొచ్చిన మెయిళ్లను ముందు తీసుకుని తర్వాత బౌన్స్ చేసే సర్వర్లు కూడా లిస్టుల్లో పడతాయి. అలాంటి మెయిళ్లను గుమ్మంలోనే తిరస్కరించాలి. ఐపీకి ఉన్న పీటీఆర్ (ఐపీ నుంచి పేరు చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) పేరు తిరిగి అదే ఐపీకి చేరాలి. దాన్ని మార్చేది ఐపీ ఇచ్చిన సంస్థ, మీ డొమైన్ ప్యానెల్‌లో కుదరదు.

స్పామ్‌హౌస్ అనే సంస్థ బ్లాక్‌లిస్టుల్లో ఉన్నారో లేదో తేలాలంటే ఐపీని తిరగేసి (192.0.2.25 అయితే 25.2.0.192) వాళ్ల ఐపీ లిస్టులు కలిపిన జెన్ జోన్‌లో డీఎన్‌ఎస్ ద్వారా అడగండి. 127.0.0.2 వస్తే ఎస్‌బీఎల్, చివర 3 ఉంటే సీఎస్‌ఎస్, 4 అయితే ఎక్స్‌బీఎల్, 10 లేదా 11 అయితే పీబీఎల్ అనే లిస్టులో ఉన్నట్టు. 127.255.255.254 వస్తే లిస్ట్‌లో ఉన్నట్టు కాదు. గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (అందరికీ తెరిచి ఉన్న డీఎన్‌ఎస్ సర్వర్) ద్వారా అడిగారని అర్థం.

పీబీఎల్‌లో ఉండటం నేరమేమీ కాదు. నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల జాబితా అది. స్టాటిక్ ఐపీ మీద నిజంగా మెయిల్ సర్వర్ నడుపుతుంటే మీరే తీయించుకోవచ్చు. ఎస్‌బీఎల్ అలా కాదు, మీ ఐపీ ఇచ్చిన సంస్థ అబ్యూజ్ విభాగమే అడగాలి. స్పామ్‌కాప్ అనే మరో లిస్ట్‌కు ఫారం అక్కర్లేదు, కొత్త ఫిర్యాదులు ఆగిన 24 గంటల్లో దానంతటదే తీసేస్తుంది. ఫారం నింపే చోట మీ డొమైన్‌లోని పోస్ట్‌మాస్టర్ చిరునామానే ఇచ్చి, ఏ ఖాతా దెబ్బతింది, ఎప్పుడు మూశారు అన్నది రెండు వాక్యాల్లో రాయండి.

పేరు తీసేశాక, ఆపిన క్యూలోంచి స్పామ్ ఏరి పారేయండి. ఆ తర్వాతే అదే 'పోస్ట్‌సూపర్' కమాండ్‌కు పెద్ద హెచ్ అక్షరం ఇచ్చి మిగిలినవాటిని వదలండి.