‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’: డిస్కులు పెట్టుకుని మళ్లీ చూసేవారికి

డిస్కుల పెట్టె చేతికి రాగానే ముందు దాన్ని వెనక్కి తిప్పి, ఎన్ని భాగాలని రాసి ఉందో చూడండి. బీబీసీ తీసిన గూఢచారి సీరియల్ ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ మొత్తం ఏడు భాగాలు. 1979 సెప్టెంబరు 10, సోమవారం నాడు బీబీసీ టూలో మొదలై, వారానికొకటి చొప్పున అక్టోబరు 22తో ముగిసింది. మరుసటి ఏడాది అమెరికా ప్రేక్షకుల కోసం దీన్నే కత్తిరించి, కూర్పు మార్చి, ఆరు భాగాలు చేశారు. అక్కడ అమ్మిన డిస్కుల్లోనూ ఆ ఆరు భాగాల కూర్పే వచ్చింది. హైదరాబాద్‌లో మనలో చాలామందికి ఇలాంటి పెట్టెలు అమెరికాలో ఉన్న బంధువుల సూట్‌కేసుల్లోనే వస్తాయి కాబట్టి, ఈ తేడా మనకు ముఖ్యం. మా మేనల్లుడు డల్లాస్ నుంచి ఎంతో ప్రేమగా తెచ్చిన పెట్టెను నేను రెండుసార్లు పూర్తిగా చూశాక గానీ, మొదటిసారి ఒక మిత్రుడి దగ్గర చూసిన ఏడు భాగాల్లోని నిదానం ఇందులో లేదన్న సంగతి నాకు తట్టలేదు. ఈ కథకు ప్రాణం ఆ నిదానమే. అందుకని ఏడు భాగాలున్న బ్రిటిష్ ముద్రణనే వెతికి తెప్పించుకోమని నా సలహా.

బ్రిటిష్ డిస్కు కొంటే ఎదురయ్యే మొదటి చిక్కు రీజియన్ కోడ్, అంటే ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడేలా పెట్టిన తాళం. డీవీడీల్లో బ్రిటన్‌ది రీజియన్ 2, మనది 5, అమెరికాది 1. బ్లూరేల్లో బ్రిటన్‌ది బి, మనది సి, అమెరికాది ఎ. మన రీజియన్‌కే కట్టుబడిన ప్లేయర్‌లో బ్రిటిష్ డిస్కు ఆడదు. ప్లేయర్ కొనేటప్పుడు డీవీడీకీ బ్లూరేకూ విడివిడిగా, అన్ని రీజియన్లూ ఆడుతుందా అని అడగాలి. ఎందుకంటే ఒకదానికి రీజియన్ తాళం లేకపోయినా రెండోదానికి ఉండవచ్చు. వీలైతే డిస్కును వెంట తీసుకెళ్లి దుకాణంలోనే ఆడించి చూడండి. కోఠి గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ అలా అడిగితే కాదనేవారు నాకు తారసపడలేదు. కంప్యూటర్‌కు తగిలించే డీవీడీ డ్రైవ్ వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అందులో రీజియన్‌ను ఐదుసార్లు మాత్రమే మార్చగలం, ఆ తర్వాత అది చివరిసారి పెట్టిన రీజియన్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి దాన్ని 2కి మార్చి, బ్రిటిష్ డిస్కులకే కేటాయించడం మంచిది.

ఒక విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. బ్రిటన్‌లాగే మనదీ ‘పాల్’ (PAL) అనే టీవీ పద్ధతి, అంటే సెకనుకు 25 బొమ్మలు. బ్రిటన్‌లో టెలివిజన్ కోసం తీసిన ఫిల్మును కూడా అదే వేగంతో తీసేవారు గనుక, బ్రిటిష్ డీవీడీ మన టీవీలో ఏ మార్పూ లేకుండా, తీసిన వేగంతోనే నడుస్తుంది. అమెరికా డీవీడీలు సెకనుకు 30 బొమ్మల పద్ధతికి మార్చినవి కాబట్టి, మనిషి నడుస్తున్నప్పుడో కెమెరా పక్కకు తిరుగుతున్నప్పుడో బొమ్మ చిన్నగా తడబడుతుంది. బ్లూరేల్లో కొన్ని పాత సీరియళ్లను సెకనుకు 24 బొమ్మలకు తగ్గించి ముద్రిస్తారు. అప్పుడు అంతా 4 శాతం నెమ్మదిస్తుంది. శ్రుతి సరిచేయకపోతే గొంతులు హార్మోనియం మీద ముప్పావు మెట్టుకు దగ్గరగా కిందికి దిగుతాయి. సంగీతం అలవాటున్న చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది.

ఇక టీవీ సెట్టింగుల సంగతి. ఈ సీరియల్‌ను 4:3 కొలతలో, అంటే పాత టీవీ పెట్టె ఆకారంలో తీశారు. మన కొత్త టీవీలు వాటంతట అవే బొమ్మను అటూ ఇటూ సాగదీసి తెర నింపుతాయి. దాన్ని ఆపి 4:3 అని పెట్టండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు ఉంటే ఉండనివ్వండి. సరిగా పెట్టారో లేదో తెలుసుకోవడానికి టైటిల్సే చాలు. ఒక రష్యన్ కొయ్యబొమ్మ విడివడుతుంది, లోపల మరో బొమ్మ, దాని లోపల ఇంకొకటి. ముఖం ప్రతిసారీ మారుతూ, చివరి బొమ్మకు ముఖమే ఉండదు. మన ఏటికొప్పాక లక్కబొమ్మల్లాగే అవీ లేతు మీద తిప్పి చేసినవి, తలలు గుండ్రంగా ఉంటాయి. తెర మీద ఆ తలలు గుమ్మడికాయల్లా అడ్డంగా కనిపిస్తే సెట్టింగు తప్పినట్టే.

ఆ తర్వాత బొమ్మ కదలికను నునుపు చేసే సౌకర్యం ఏ పేరుతో ఉన్నా తీసేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది గానీ, ‘మోషన్’ అనే మాట ఉన్న చోట వెతికితే దొరుకుతుంది. నాయిస్ తగ్గించే సెట్టింగును కూడా ఆపండి, షార్ప్‌నెస్ బాగా కిందికి దించండి. దీన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు. సన్నని ఇసుక కదులుతున్నట్టు కనిపించే రేణువు ఆ ఫిల్ము స్వభావం, లోపం కాదు. టీవీ దాన్ని తుడిచేయబోయి ముఖాల మీది ముడతల్ని కూడా తుడిచేస్తుంది. ముడతలు పోతే ఈ సీరియల్‌లో సగం పోయినట్టే. మధ్యాహ్నం కిటికీ వెలుతురులో కాకుండా రాత్రి భోజనాలయ్యాక, దీపం ఒక్కటి వెనక పెట్టుకుని చూడండి. చీకటి గదుల్లో జరిగే సన్నివేశాలు ఇందులో చాలా ఉన్నాయి.

డిస్కు తుడవాల్సి వస్తే మెత్తటి నూలుగుడ్డతో, మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవాలి గానీ గుండ్రంగా తిప్పకూడదు. ట్రాకు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి దాని వెంట పడిన గీత ప్లేయర్‌ను నిలబెట్టేస్తుంది, దానికి అడ్డంగా పడిన చిన్న గీతను ప్లేయర్ సరిదిద్దుకోగలదు. పాత వీడియో క్యాసెట్ల మీద మమకారం ఉన్నవారు టేపు అంచున తెల్లటి బూజు ఉందేమో చూశాకే వీసీఆర్‌లో పెట్టాలి. మన వానాకాలానికి బీరువాల్లో ఉన్న టేపులు బూజు పట్టడం మామూలే, ఆ బూజు వీసీఆర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుంటే తర్వాత పెట్టే టేపులకూ పాకుతుంది.

చూడటం మొదలుపెట్టే ముందు కొన్ని మాటలు తెలిసి ఉండాలి. బ్రిటిష్ గూఢచారి సంస్థను ఇందులో ‘సర్కస్’ అంటారు. లండన్‌లోని కేంబ్రిడ్జ్ సర్కస్ అనే కూడలి దగ్గర దాని కార్యాలయం ఉన్నట్టు కథ. అనుసరించడం, పొంచి వినడం వంటి పనులు చేసేవారు ‘ల్యాంప్‌లైటర్లు’. మోటు పనులకు పంపేవారు ‘స్కాల్ప్‌హంటర్లు’. ‘మోల్’ అంటే శత్రువు ఏళ్ల కిందటే నాటి, లోపలే పెరగనిచ్చిన ద్రోహి. ఆ జంతువు మన పక్క కనిపించదు గానీ, నేల కింద సొరంగం తవ్వుకుంటూ పోయే పందికొక్కును తలుచుకుంటే అర్థం దగ్గరికొస్తుంది. శీర్షిక ఇంగ్లిష్ పిల్లల లెక్కపాటలోది. మన పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చుని, పాడుతూ ఒక్కో కాలినీ తాకినట్టు, వాళ్లు ఒక్కో వృత్తి పేరు చెబుతూ లెక్కపెడతారు. సంస్థ పాత అధిపతి ‘కంట్రోల్’ తాను అనుమానించిన వారికి ఆ పాటలోని పేర్లే పెట్టాడు. ఆ పేర్లను ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి, వెనక్కి తిప్పి చూసే అవసరం సగం తప్పుతుంది.

కథకు మూలం జాన్ లె కారే 1974లో ప్రచురించిన నవల. ఆయన స్వయంగా బ్రిటిష్ గూఢచారి సంస్థల్లో పనిచేసినవారు. రిటైరైన జార్జ్ స్మైలీని వెనక్కి పిలిచి ద్రోహిని పట్టుకోమంటారు. ఆయన పాత ఫైళ్లు చదువుతూ, పాత మనుషులను కలుస్తూ, వాళ్లు చెప్పేది వింటూ పోతాడు. చేసేది అంతే. స్మైలీగా ఆలెక్ గిన్నెస్ నటించారు, జాన్ ఇర్విన్ దర్శకత్వం వహించారు. పాత్రకు సిద్ధమవుతూ గిన్నెస్ బ్రిటిష్ గూఢచారి సంస్థ మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌ను కలిసి, ఆయన తీరును దగ్గర నుంచి గమనించారు. కథలో మన దేశానికీ చోటుంది. సోవియట్ గూఢచారి కార్లా ఢిల్లీ జైలులో ఉండగా స్మైలీ అతన్ని తమ వైపు తిప్పుకోవాలని చూసిన రాత్రిని తలుచుకుంటాడు. కార్లాగా కనిపించే ప్యాట్రిక్ స్టీవర్ట్ ఒక్క మాటైనా మాట్లాడరు. స్మైలీ ఎంత మాట్లాడితే అంతగా ఓడిపోతున్నట్టు మనకు తెలుస్తూ ఉంటుంది. ఆ సన్నివేశం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వకండి.

రోజుకు ఒక భాగం కంటే ఎక్కువ చూడవద్దు. కుదిరితే వారానికి రెండు చాలు. దీన్ని మొదట వారం వారం చూసినవారికి మధ్యలో ఆలోచించుకోవడానికి ఏడు రోజులుండేవి. 1979 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సమ్మె వల్ల బీబీసీకి పోటీ ఛానల్ ఐటీవీ ప్రసారాలు ఆగిపోవడంతో, బ్రిటన్‌లో చాలామంది ఇటే తిరిగారు. సీరియల్ ముగిసి నెల తిరగకుండానే, నవంబరు 15న, రాణిగారి చిత్రాల సంరక్షకుడిగా ఉన్న ఆంటొనీ బ్లంట్ ఒకప్పుడు సోవియట్ల గూఢచారి అని ప్రధాని మార్గరెట్ థాచర్ పార్లమెంటులో బయటపెట్టారు. అప్పటి ప్రేక్షకులకు ఇది వట్టి కథ కాదని గుర్తుంచుకుని చూస్తే, గదుల్లోని మౌనం బరువు తెలుస్తుంది.

సబ్‌టైటిల్స్ గురించి నా పద్ధతి ఒకటి చెబుతాను. మొదటిసారి అవి ఉండనివ్వండి. ఆనాటి ఇంగ్లిష్ యాసలు, సగంలో మింగేసే వాక్యాలు మన చెవికి ఒక్కసారిగా అందవు. రెండోసారి తప్పకుండా తీసేయండి. అక్షరాలు ఉన్నంతసేపూ మన కళ్లు తెర అడుగునే ఉంటాయి, మాట్లాడేవాడి మాటలే మనకు అందుతాయి. ఈ సీరియల్ అసలు సంగతి వినేవాళ్ల ముఖాల్లో ఉంది. ఎవరో ఏదో చెబుతుండగా స్మైలీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు; అప్పుడు ఆ చేతులను కాదు, అద్దాలు లేని ఆ కళ్లను చూడాలి. ద్రోహి ఎవరో తెలిశాక చూస్తుంటే, ఆ మనిషి మాట్లాడే చోట్ల కంటే ఊరికే వింటూ కూర్చున్న చోట్ల నటుడు ఎంత పని చేశాడో కనిపిస్తుంది. నేను మూడోసారి చూసినప్పుడు రెండో భాగంలో కొంతసేపు శబ్దం పూర్తిగా తీసేసి చూశాను. కథ తెలిసినవారు అదీ చేసి చూడవచ్చు.

స్మైలీ కథ కొనసాగింపుగా 1982లో వచ్చిన ‘స్మైలీస్ పీపుల్’కు ఆరు భాగాలు. దాన్ని వెంటనే మొదలుపెట్టకుండా కొన్నాళ్లు ఆగండి.

ఏడో భాగం చివర పేర్లు పడుతుండగా రిమోట్ ముట్టుకోవద్దు. జెఫ్రీ బర్గన్ కూర్చిన చర్చి ప్రార్థనాగీతాన్ని ఒక బాలుడు పాడతాడు, దాన్ని పూర్తిగా విని, ఆ రాత్రే మొదటి డిస్కు మళ్లీ పెట్టి తొలి సన్నివేశం మాత్రం చూడండి. ఒక గది, ఒక బల్ల. నలుగురు పెద్ద అధికారులు ఒకరి తర్వాత ఒకరు లోపలికొచ్చి కూర్చుంటారు. చివర వచ్చినవాడు టీ కప్పు మీద సాసర్‌ను మూతలా పెట్టుకుని, ఒలకకుండా మోసుకొస్తాడు. పలకరింపులు లేవు, ఎవరూ ఎవరినీ సరిగా చూడరు. అన్నీ తెలిసిన మీరు ఈసారి ఆ నలుగురి చేతులనూ, చూపులనూ ఒక్కొక్కటిగా గమనించండి.