పాత బైకుకి బయానా ఇచ్చే ముందు: విశాఖలో చూసుకోవాల్సినవి

విశాఖలో ముందు చూడాల్సింది ఇంజను కాదు, తుప్పు. సాగర్ నగర్, భీమిలి వైపు ఆరుబయట నిలిపిన బండిని ఉప్పుగాలి లోపల్నుంచి తినేస్తుంది. కొత్త పెయింటు చూసి మోసపోవద్దు.

□ ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. అడుగున తుప్పు పొడి ఉంటే అది కార్బురేటర్ జెట్లకు (ఇంజనుకు పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలకు) అడ్డం పడుతుంది.

□ బ్యాటరీ కింద ఫ్రేము, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) అతుకులు, స్టాండు బిగించిన చోటు గీకి చూడండి. తుప్పు పైపైన ఉంటే సరే; ఇనుము పొరలుగా ఊడితే వదిలేయండి.

□ ఫోర్కు రాడ్ల (ముందు చక్రం సస్పెన్షన్ కడ్డీల) మీద గోరుతో గీరి చూడండి. గుంతలు తగిలితే ఆయిల్ సీళ్లు ఎన్నిసార్లు మార్చినా కారుతూనే ఉంటాయి.

□ వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉందేమో చూడండి.

□ ఇంజను చల్లగా ఉందో లేదో చేత్తో తాకి చూశాకే స్టార్ట్ చేయమనండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారనే అనుమానించాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది: రింగులో, వాల్వ్ సీళ్లో పోయినట్టే. ఇంజను విప్పించే ఖర్చు పెట్టి సరదాకి కొనే బండి మీద లాభం చూడటం కష్టం.

□ ముందు చక్రం లేపి హ్యాండిల్ తిప్పండి. మధ్యలో పట్టేస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ఇది చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తుంది.

□ ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఏపీ 31 (విశాఖ పాత సిరీస్) నంబరు బండి అయితే రిజిస్ట్రేషన్ గడువు చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఫైనాన్స్ తీరిపోయినా ఆర్సీలో హైపోథికేషన్ (అప్పు తాకట్టు నమోదు) ఉంటే, దాన్ని తీసేయించే ఫారం 35 అడగండి. పాత చలానాలు అమ్మే యజమానే కట్టాలి.

□ యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 నింపకుండా, ఖాళీ సంతకాలతో బండి చేతులు మార్చొద్దు.