పై అంతస్తుకు నెట్ ఎలా తెచ్చుకున్నానంటే (నా అనుభవం)

మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ కింద హాల్లో ఉంది, కంప్యూటర్లు మాత్రం నాలుగు, అందులో రెండు పై అంతస్తులో. పైకి వైఫై సరిగ్గా అందడం లేదని పాత రౌటర్ ఒకటి బయటికి తీసి, కింది రౌటర్ నుంచి 20 మీటర్ల క్యాట్ 6 (నెట్‌వర్క్) కేబుల్ లాగి తగిలించాను. ఇక అక్కడి నుంచి మొదలైంది టెన్షన్. ఒక్కోసారి నెట్ వస్తుంది, ఒక్కోసారి రాదు, పాప ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతుంది, కింద ఉన్న ప్రింటర్ పైవాళ్లకు కనిపించదు.

రెండు రోజులు కేబుల్‌నే అనుమానించాను. తీరా చూస్తే రెండు రౌటర్ల అడ్రసూ 192.168.1.1 గానే ఉంది! పైగా రెండింట్లోనూ డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు అడ్రసులు తనంతట తానే ఇచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉండి, రెండూ కంప్యూటర్లకు ఐపీ నంబర్లు, అంటే ఆ అడ్రసులు, పంచేస్తున్నాయి. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోర్ నంబర్ ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు?

కేబుల్ పీకేసి, పాత రౌటర్‌ను ఒక్క ల్యాప్‌టాప్‌కే కలిపి, ముందు దాని డీహెచ్‌సీపీ ఆపేశాను, తర్వాత దాని అడ్రస్ 192.168.1.2 చేశాను. కింది నుంచి వచ్చే కేబుల్‌ని పాత రౌటర్ వ్యాన్ (WAN, బయటి ఇంటర్నెట్ లైన్ తగిలించే) పోర్టులో కాకుండా ల్యాన్ (LAN, ఇంట్లో కంప్యూటర్లు తగిలించే) పోర్టులోనే పెట్టాలి, ఇది చాలా ముఖ్యం, చాలామంది ఇక్కడే పొరబడతారు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింట్లోనూ ఒకటే పెట్టి, రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి అడ్డు రాకుండా వైఫై ఛానెల్ మాత్రం కింద 1, పైన 11 ఇచ్చాను. కంప్యూటర్లన్నీ ఒకసారి రీస్టార్ట్ చేశాం.

ఇప్పుడు పై గది నుంచే ప్రింట్ తీసుకుంటున్నాం.